పదిహేనేళ్ళ నాటి పాట, నలభై ఏళ్ళ చెవి

1688లో బాసెల్ నగరంలో యొహాన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, సొంత నేలకు దూరమైనవారిని కుంగదీసే బెంగను ఒక వ్యాధిగా వర్ణిస్తూ, తన సిద్ధాంత వ్యాసంలో దానికి 'నొస్టాల్జియా' అని పేరు పెట్టాడు. తిరిగి ఇల్లు చేరడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను జోడించి చేసిన పదమది. ఎనభై ఏళ్ళ తరువాత, 1768లో, తత్వవేత్త జాన్ జాక్ రూసో తన సంగీత నిఘంటువులో స్విట్జర్లాండ్ పశువుల కాపరుల బాణీ ఒకదాని గురించి రాశాడు. పరదేశాలలో కొలువు చేసే స్విస్ సైనికులు ఆ బాణీ చెవిన పడితే కన్నీరు పెట్టుకునేవారని, కొలువు విడిచి పారిపోయేవారని, కొందరు ప్రాణాలే విడిచేవారని, అందువల్ల సైన్యంలో దానిని వాయించడాన్ని మరణశిక్ష విధించి మరీ నిషేధించారని ఆయన చెప్పాడు. ఈ కథలో అతిశయోక్తి పాలు ఎంతో ఉండవచ్చు. దాని వెంటనే ఆయన చేసిన పరిశీలన మాత్రం నేటికీ చెక్కు చెదరలేదు. ఆ స్వరాలను ఎంత పరీక్షించినా అంతటి శక్తి వాటిలో కనబడదనీ, అదే బాణీ ఇతర దేశాలవారిని కదిలించదనీ, అక్కడ సంగీతం సంగీతంగా కాక జ్ఞాపకానికి గుర్తుగా పనిచేస్తోందనీ రూసో తేల్చాడు.

కౌమారంలో ప్రాణంగా ప్రేమించిన పాటలను ఏళ్ళ తరువాత మళ్ళీ వినేవారి ముందు నిలిచే చిక్కు ఈ పరిశీలనలోనే ఉంది. వాద్యం రెండు స్వరాలు పలికేసరికే పెదవులు తరువాతి మాటకు సిద్ధమవుతాయి. ఏనాడో మరచిపోయామనుకున్న చరణం పొల్లు పోకుండా నోటికి వస్తుంది. దానితోపాటు ఒక గది, ఒక సాయంత్రం, ఒక మనిషి, ఆనాటి దిగులొకటి తరలివస్తాయి. 'ఎంత గొప్ప పాట' అన్న మాట అప్రయత్నంగా బయటపడుతుంది. ఆ మాటలో పాట వంతు ఎంత, గది వంతు ఎంత? ఈ పంపకం తేలిక కాదు గాని, గత నలభై ఏళ్ళలో జ్ఞాపకం మీద, సంగీతం మీద జరిగిన పరిశోధన పుణ్యమా అని ఇప్పుడు పూర్తిగా అసాధ్యమూ కాదు.

నడివయసు దాటినవారిని తమ జీవితంలోని సంఘటనలను గుర్తు చేసుకోమని అడిగితే, వారు చెప్పేవాటిలో పది నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య జరిగినవి పాలుకు మించి ఉంటాయి. గ్రాఫు గీస్తే ఆ వయసు దగ్గర గీత ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. డేవిడ్ రూబిన్, ఆయన సహచరులు 1986లో స్పష్టంగా చూపిన ఈ ధోరణిని మనస్తత్వ శాస్త్రంలో 'రెమినిసెన్స్ బంప్' అంటారు. తెలుగులో జ్ఞాపకాల మూపురం అనుకోవచ్చు. సంగీతం విషయంలో ఈ మూపురం మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. 1989లో మారిస్ హాల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ వేర్వేరు వయసులవారికి వేర్వేరు దశాబ్దాలలో జనాదరణ పొందిన పాటలు వినిపించి ఇష్టాన్ని కొలిస్తే, శ్రోతకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉన్నప్పుడు వచ్చిన పాటలకు అత్యధిక ఆదరణ దక్కింది. ఇటీవలి పరిశోధనలలో, ముఖ్యంగా కెల్లీ యాకుబౌస్కీ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, సొంత జీవితపు జ్ఞాపకాలను ఎక్కువగా లేపే పాటలు శ్రోతకు పద్నాలుగేళ్ళ ప్రాయంలో వచ్చినవని తేలింది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ఫలితాలు నిజానికి రెండు వేర్వేరు విషయాలను కొలిచాయి. మొదటిది ఇష్టాన్ని అడిగింది, రెండవది జ్ఞాపకాన్ని అడిగింది. పద్నాలుగేళ్ళప్పటి పాట ఎక్కువ గుర్తులను మోసుకొస్తుంది, ఇరవై మూడేళ్ళప్పటి పాట ఎక్కువ నచ్చుతుంది అన్నమాట. రూసో చేసిన విభజన ఈ అంకెలలోనూ తొంగి చూస్తుంది.

ఆ వయసుకే ఇంతటి పట్టు ఎందుకు దొరికిందన్న ప్రశ్నకు పలు కారణాలు చెబుతారు. కౌమారంలో మెదడులోని స్ట్రయాటం అనే భాగం సంతోషాన్నిచ్చే అనుభవాలకు మిగతా వయసులకన్నా ఉధృతంగా స్పందిస్తుంది. ఆ ఉధృతిని అదుపు చేయవలసిన ముందరి భాగం ఇరవైల నడుమ దాకా పూర్తిగా పరిణతి చెందదు. మొదటి స్నేహం, మొదటి ప్రేమ, మొదటి అవమానం, ఇంటి నుంచి మొదటిసారి దూరం కావడం వంటివి ఆ కొద్ది సంవత్సరాలలోనే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిసారి జరిగినది, వందోసారి జరిగినదానికన్నా లోతుగా నాటుకుంటుంది. 'నేనెవరు' అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కునే దశలో, ఏ పాటలు వింటామన్నది ఆ జవాబులో భాగమవుతుంది. ఇవన్నీ సరైన కారణాలే. అయితే వీటికన్నా సాదాసీదాగా కనిపించే మరో కారణానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కడం లేదు. అది పునరావృతి. ఆ వయసులో తీరిక ఉంటుంది, చేతిలో ఉన్న పాటలు కొన్నే ఉంటాయి. అందుచేత ఒకే పాటను ఒకే నెలలో వంద సార్లు వినడం జరుగుతుంది. ఏ వస్తువైనా, వేరే మేలేదీ చేయకపోయినా, పదే పదే ఎదురుపడితే చాలు, దాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపాడు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి కొత్త పాటను రెండుసార్లు విని 'ఈనాటి పాటల్లో పస లేదు' అన్నప్పుడు, రెండుసార్లు విన్నదానిని రెండు వందలసార్లు విన్నదానితో పోలుస్తున్నాడని గ్రహించాలి. ఆ పోలికలో కొత్త పాటకు న్యాయం జరగదు.

మూపురం ఒక్కటే కాదన్నది మరో ఆసక్తికరమైన విషయం. కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ఇరవై ఏళ్ళ యువతీయువకులను పరీక్షించినప్పుడు, వారి తల్లిదండ్రులు యువకులుగా ఉన్న 1980ల ఆరంభపు పాటల దగ్గర కూడా ఇష్టం, జ్ఞాపకం పైకి లేచాయి. అంతకు ముందరి 1960ల పాటల దగ్గర మరో చిన్న ఎత్తు కనిపించింది. ఇంట్లో పెద్దలు పెట్టుకున్న పాటలు పిల్లల చెవులలో వారికి తెలియకుండానే నాటుకున్నాయని దీని భావం.

ఇక జ్ఞాపకంలో నిలిచినది ఏమిటో చూద్దాం. సామాన్యంగా పాట గుర్తుంది అంటే బాణీ, మాటలు గుర్తున్నాయని అనుకుంటాం. నిజానికి అంతకన్నా చాలా ఎక్కువే గుర్తుంటుంది. డేనియల్ లెవిటిన్ 1994లో, సంగీత శిక్షణతో నిమిత్తం లేకుండా కొందరిని పిలిచి, బాగా తెలిసిన పాటను జ్ఞాపకం నుంచి పాడమన్నాడు. రెండు ప్రయత్నాలలో కనీసం ఒకసారైనా అసలు రికార్డింగు శ్రుతిలోనే పాడినవారు నూటికి 40 మంది. రెండుసార్లూ రెండు అర్ధస్వరాల లోపు తేడాతో (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం) పాడినవారు నూటికి 44 మంది. 1996లో పెరీ కుక్‌తో కలిసి లయను కొలిచినప్పుడు, పాడినవాటిలో 72 శాతం అసలు వేగానికి 8 శాతం లోపు తేడాతో ఉన్నాయి. ఏ శ్రుతిపెట్టె సాయమూ లేకుండా, ఏ తాళమూ వేయకుండా సామాన్య శ్రోతలు ఇంత కచ్చితంగా పాడగలిగారంటే, తలలో ఉన్నది పాట సారాంశం కాదని, దాదాపు ఆ రికార్డింగే అక్కడ నిలిచి ఉందని ఒప్పుకోవాలి. క్రమం కూడా అలాగే నిలుస్తుంది. బాగా అలవాటైన డిస్కులోని ఒక పాట ముగింపును వినిపించి ఆపేస్తే, తరువాత వచ్చే నిశ్శబ్దంలో మెదడు రాబోయే పాటకు సిద్ధపడటాన్ని 2009లో ఆంబర్ లీవర్ బృందం స్కానర్లలో గమనించింది. ఏళ్ళ తరబడి ఒకే కేసెట్టు విన్నవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఒక పాట వేరే చోట వినబడి ముగిసినప్పుడు, కేసెట్టులో దాని తరువాత ఉన్న పాట మొదటి స్వరం తలలో దానంతటదే మోగడం వారికి నిత్యానుభవమే.

పాత పాటను మళ్ళీ విన్నప్పుడు 'ఏదో తేడాగా ఉంది' అని కలిగే అనుమానానికి ఇక్కడ ఒక కారణం దొరుకుతుంది. దానిని వయసు మీదకో, మారిన అభిరుచి మీదకో నెట్టేసే ముందు, వింటున్నది నిజంగా ఆ పాటేనా అని అడగడం అవసరం. కేసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. ఇళ్ళలోని ప్లేయర్లలో ఈ వేగం నూటికి రెండు మూడు వంతులు అటూ ఇటూ ఉండటం అరుదేమీ కాదు. అర్ధస్వరం అంటే సుమారు 6 శాతం తేడా గనుక, 3 శాతం వేగంగా తిరిగిన ప్లేయరు ప్రతి పాటనూ అర్ధస్వరంలో సగం మేర పైకి లేపి వినిపించి ఉంటుంది. ఆ ప్లేయరుతో పెరిగిన చెవికి సరైన శ్రుతిలో ఉన్న పాట కాస్త బరువుగా, కాస్త నీరసంగా తోస్తుంది. టేపు ఒకచోట నలిగి స్వరం మునిగి తేలినట్లు వినబడేది. ఆ మునక పాటలో భాగమైపోయింది. ఇప్పుడు అక్కడ స్వరం నిటారుగా నిలబడితే మెట్టు తప్పినట్లు ఉంటుంది. పైగా 1990ల నుంచి పాత రికార్డింగులను మళ్ళీ విడుదల చేసేటప్పుడు, మెల్లని భాగాలకూ బిగ్గర భాగాలకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించి మొత్తం ధ్వనిని పెంచడం పరిశ్రమలో ఆనవాయితీ అయింది. గుసగుసగా మొదలై పల్లవి దగ్గర ఒక్కసారిగా విచ్చుకోవలసిన పాట, అలాంటి ప్రతిలో మొదటి నుంచీ చివరిదాకా ఒకే ఎత్తున సాగుతుంది. పాట చప్పబడిందని శ్రోత బాధపడతాడు. చప్పబడింది ఆ ప్రతి మాత్రమే. అసలు విడుదలను వెతికి పట్టుకోవడానికి పడే శ్రమ వృథా పోదు.

చెవి కూడా మారింది. యుక్తవయసులో సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలిగిన చెవి, నడివయసుకు వచ్చేసరికి పై అంచున కొన్ని వేల కంపనాలను కోల్పోతుంది. అయినా పియానోలోని అతి పై మెట్టు 4,186 కంపనాలే కాబట్టి, బాణీకి వచ్చిన లోటేమీ లేదు. తగ్గేది తాళాల తళుకు, గాయని మాటకు ముందు తీసుకునే ఊపిరి చప్పుడు, తీగను గోరు తాకిన గరగర. ఇవి పాటకు ప్రాణం కావు గాని, ఎదురుగా కూర్చుని ఎవరో పాడుతున్న భావన కలిగించేవి చాలావరకు ఇవే.

తెలిసిన పాటలో ఆనందం ఎక్కడ పుడుతుందన్న విషయం మీద 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ తదితరులు చేసిన పరిశోధన చాలా వెలుగు ప్రసరించింది. తమకు ఒళ్ళు గగుర్పొడిచే పాటలను శ్రోతలే ఎంచుకుని తెచ్చుకున్నారు. గగుర్పాటు కలిగిన క్షణంలో స్ట్రయాటంలోని న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. అంతకు కొన్ని సెకన్ల ముందు, ఆ ఘట్టం వస్తోందని ఎదురుచూస్తున్నప్పుడు, అదే స్ట్రయాటంలోని కాడేట్ అనే మరో చోట కూడా విడుదలైంది. అంటే ఆనందంలో సగం ఎదురుచూపులోనే ఉంది. ఎదురుచూడాలంటే పాట ముందే తెలిసి ఉండాలి. కౌమారంలో వందల సార్లు విన్న పాటలో ప్రతి మలుపూ ముందే తెలుసు గనుక ఆ ఎదురుచూపు పరిపూర్ణం. అయితే మరీ తెలిసిపోయిన పాట విసుగు పుట్టిస్తుందన్నదీ అనుభవమే. కొత్తదనం బొత్తిగా లేకపోయినా, మితిమీరినా ఇష్టం తగ్గుతుందని, రెంటి నడుమ ఎక్కడో అది శిఖరాన్ని చేరుతుందని డేనియల్ బెర్లిన్ 1970ల ఆరంభంలో ప్రతిపాదించాడు. ఇరవై ఏళ్ళ ఎడబాటు పాటను ఆ నడిమి చోటుకు తిరిగి చేరుస్తుంది. మలుపులు గుర్తుంటాయి, వివరాలు కొన్ని మరపున పడి ఉంటాయి; ఎదురుచూపు చెడదు, చిన్న చిన్న ఆశ్చర్యాలు మళ్ళీ సాధ్యమవుతాయి.

ఇంతదాకా చెప్పినదంతా పాట ఎందుకు కదిలిస్తుందో వివరిస్తుంది. ఆ పాట మంచిదో కాదో చెప్పదు. అది శ్రోత చేయవలసిన పని. కష్టమైనా చేయదగిన పని. జ్ఞాపకం అంటని పాటను పక్కన పెట్టి చూడటం ఇందుకు ఒక మార్గం. ఆ రోజుల్లో ఇష్టపడిన గాయకుడివే, అదే ఆల్బమ్‌లోవే, అప్పట్లో టేపును ముందుకు తిప్పి దాటవేసిన పాటలు ప్రతి ఒక్కరికీ కొన్ని ఉంటాయి. వాటికి గది లేదు, సాయంత్రం లేదు. వాటిని ఇప్పుడు విన్నప్పుడు ఆ గాయకుడి గొంతులో, ఆ కూర్పులో ఉన్న బలం ఏ జ్ఞాపకపు సాయమూ లేకుండా తెలిసిపోతుంది. చాలాసార్లు ఎదురయ్యేది సంతోషకరమైన ఆశ్చర్యమే. పద్నాలుగేళ్ళప్పుడు నెమ్మదిగా ఉందని, పల్లవి వెంటనే చెవికి ఎక్కలేదని తోసిపుచ్చిన పాట, నలభై ఏళ్ళ చెవికి ఆ ఆల్బమ్ మొత్తానికి తలమానికంగా వినిపించడం అరుదు కాదు.

ప్రేమించిన పాటలలో కొన్ని మాత్రం నిలబడవు. వాటిలో ఎక్కువ భాగం మాటల దగ్గరే కూలుతాయి. లోకంలో ఎవరికీ అర్థంకాని బాధ తనదేనని చెప్పే మాట పదిహేనేళ్ళవారికి శిలాశాసనంలా తోస్తుంది. అదే మాట తరువాత వంద పాటలలో విన్నాక పలచబడుతుంది. వెంటపడి వేధించడాన్ని ప్రేమగా, అనుమానాన్ని అనురాగంగా చూపించిన పాటలను, ఆ పదాలను ఆనాడు గట్టిగా పాడుకున్న గొంతే ఇప్పుడు పలకలేక ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం ఆరోగ్యకరమైన విషయం. బాణీ మీద ఇష్టాన్ని దాచుకోనవసరం లేదు, మాటను సమర్థించుకోనవసరమూ లేదు. రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. అదే సమయంలో మరికొన్ని పాటలు ఎత్తుకు లేస్తాయి. చిన్నప్పుడు చెవి గొంతునూ పల్లవినీ పట్టుకుని వేలాడుతుంది. కింది స్థాయిలో నడిచే బేస్ గిటారు గొంతుకు ఎలా బదులిస్తోందో, రెండో చరణంలో ఒక్క వాద్యాన్ని తీసేసి ఎంత ఖాళీని సృష్టించారో పెద్దయ్యాక గాని వినబడదు. తల్లిదండ్రుల మీద కోపంతో రాసిన పాటను, పిల్లలున్న మనిషి వినేటప్పుడు అవతలి పక్షపు మౌనం కూడా వినబడుతుంది. పాటలో ఒక్క స్వరం మారలేదు. వినే మనిషి నిలబడిన చోటు మారింది.

ఇక్కడ సిగ్గు గురించి కూడా ఒక మాట అవసరం. పద్నాలుగేళ్ళప్పుడు ప్రేమించిన పాటలను ఇరవై ఏళ్ళకు చాలామంది బాహాటంగా నిరాకరిస్తారు. కొత్త స్నేహితుల ముందు అవి చిన్నతనంగా ఉంటాయి. అభిరుచి అప్పుడు ఒక గుర్తింపు చీటీ. ఆ తీర్పు వెనుక సంగీతం గురించిన ఆలోచన ఉండటం తక్కువ, తోటివారి కంటపడే భయం ఉండటం ఎక్కువ. అందువల్ల ఇరవై ఏళ్ళప్పటి తీర్పును చివరి తీర్పుగా తీసుకోకపోవడం మంచిది. నలభైలలో ఆ పాటల దగ్గరికి తిరిగి వచ్చేవారు, పద్నాలుగేళ్ళ పిల్లవాడి మోజుకన్నా, ఇరవై ఏళ్ళ యువకుడి ఎగతాళినే ఎక్కువగా సవరించుకోవలసి వస్తుంది.

తిరిగి వినడంలో ఒక నష్టం కూడా దాగి ఉంది. ఏ గుర్తుకైనా ముడిపడిన విషయాలు పెరిగేకొద్దీ, అది ఒక్కొక్క విషయాన్నీ గుర్తు చేసే శక్తి తగ్గుతుంది. స్మృతి పరిశోధకులకు ఇది 1970ల నుంచీ తెలిసిన సూత్రం. ఆ వయసు నుంచి నేటి వరకు ఎడతెగకుండా వింటున్న పాట ఇరవై ఏళ్ళ ప్రయాణాలకూ, వంటింటి పనులకూ, ఆఫీసు దారులకూ ముడిపడిపోయి, చివరికి ఏ ఒక్కదానినీ స్పష్టంగా తేలేని స్థితికి వస్తుంది. ఎంతో ఇష్టమైన పాటకన్నా, అప్పట్లో ఒక వేసవి అంతా మోగి ఆ తరువాత ఎక్కడా వినబడకుండా పోయిన ఓ మామూలు పాట ఆ వేసవిని మొత్తంగా తెచ్చి కళ్ళముందు నిలబెట్టడానికి కారణం ఇదే. ఏ పాటైనా వేలికొసన దొరికే ఈ రోజుల్లో, దొరికిన ఆనందంలో అలాంటి పాటను వారమంతా మోగిస్తే, ఆ వేసవి మీద ఈ వారం పేరుకుంటుంది. పాట మిగులుతుంది, వేసవి పలచబడుతుంది. అటువంటి పాటను ఒకసారి, పక్కన వేరే పని పెట్టుకోకుండా, చుట్టూ ఉన్న పాటలతో సహా పాత వరుసలో విని, మళ్ళీ చాలా కాలం ముట్టకుండా ఉంచడం మేలు. పాటను పాటగా ప్రేమిస్తే మాత్రం ఈ పొదుపు అక్కరలేదు, ఎన్నిసార్లయినా వినవచ్చు.

అల్జీమర్స్ బారిన పడినవారి విషయంలో పాట, జ్ఞాపకం అనే ఈ రెండు పోగులూ తలకిందులుగా విడిపోతాయి. సొంత పిల్లల పేర్లు జారిపోయిన దశలో కూడా కొందరు చిన్ననాటి పాటను ఆసాంతం పాడటం సంరక్షకులు తరచుగా చూసేదే. 2015లో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు, ఎంతోకాలంగా తెలిసిన సంగీతాన్ని విన్నప్పుడు పనిచేసే మెదడు భాగాలను ముందుగా ఆరోగ్యవంతులలో గుర్తించి, రోగుల మెదళ్ళతో పోల్చి చూశారు. మిగతా చోట్లతో పోలిస్తే ఆ భాగాలలో కణజాలం క్షీణించడం చాలా తక్కువగా ఉంది. అందుకే అలాంటివారికి పాటలు ఏర్చి పెట్టేటప్పుడు, ఇంట్లోవారికి నచ్చినవి కాకుండా, ఆ మనిషికి పది నుంచి పాతికేళ్ళ వయసు ఉన్నప్పుడు వచ్చినవి వెతకాలి. 1950లో పుట్టినవారికైతే 1960కీ 1975కీ మధ్యవి. స్విస్ సైనికుడికి ఆ బాణీ విన్నప్పుడు కొండలు, మంద, ఇల్లు కనిపించాయి, స్వరాల సంగతి అతనికి పట్టలేదు. ఈ రోగికి గది గుర్తుండకపోవచ్చు, ఆ సాయంత్రం గుర్తుండకపోవచ్చు, పక్కన కూర్చున్న మనిషి కూడా గుర్తుండకపోవచ్చు. అయినా పల్లవి ముగిసి చరణం ఎత్తుకునే చోటు వచ్చేసరికి అతని వేళ్ళు కుర్చీ చేతి మీద ఒక్క మాత్ర ముందే కదులుతాయి.